బ్రోచర్‌లో 20, రోడ్డు మీద 14: కారు మైలేజీ లెక్కలు ఎందుకు కలవవు?

"లీటరుకు ఎంతిస్తుంది?"

కారు కొనేవాళ్లలో ఎక్కువ మంది ముందుగా అడిగే ప్రశ్న ఇదే. భారతీయ కొనుగోలుదారు ఏ వాహనాన్ని చూసినా ఇదే అడుగుతాడంటూ మారుతీ సుజుకీ 'కిత్నా దేతీ హై' పేరుతో ఏకంగా ఒక ప్రకటనల పరంపరే నడిపింది. షోరూంలో ఈ ప్రశ్నకు జవాబు చాలా కచ్చితంగా వస్తుంది. 24.80, 25.19, 27.97 అంటూ రెండు దశాంశ స్థానాల వరకూ చెప్తారు. మూడు నెలలు తిరిగాక బంకు రసీదులు ముందేసుకుని లెక్క కడితే మాత్రం ఆ అంకె దరిదాపుల్లోకి రాదు.

తేడా చిన్నదేం కాదు. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే ఒక కుటుంబాన్ని తీసుకుందాం. కారు లీటరుకు 20 కిలోమీటర్లు ఇస్తే 600 లీటర్లు సరిపోతాయి. 14 ఇస్తే 857 లీటర్లు కావాలి. లీటరు రూ.107 అనుకుంటే, ఏడాదికి అదనంగా పడే భారం రూ.27,500. ఐదేళ్లలో ఇది లక్షన్నర దాకా వెళ్తుంది కాదు, దాదాపు లక్షా 37 వేలు అవుతుంది. బేస్ మోడల్‌కూ దానిపై మోడల్‌కూ మధ్య ఉండే ధర తేడా చాలా కార్లలో ఇంచుమించు ఇంతే.

కంపెనీ అబద్ధం చెప్పిందా? చాలా సందర్భాల్లో లేదు. ఆ అంకె నిజంగానే పరీక్షలో వచ్చింది. ఆ పరీక్ష జరిగిన తీరు వేరు, మనం కారు నడిపే తీరు వేరు.

ఆ అంకె ఎక్కడ పుడుతుంది?

భారత్‌లో అమ్మే ప్రతి కారు మోడల్‌కూ ప్రభుత్వ గుర్తింపు పొందిన సంస్థ ధ్రువీకరణ కావాలి. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్, 1989లోని 126వ నిబంధన ఈ సంస్థల జాబితాను పేర్కొంటుంది. వీటిలో జనానికి బాగా తెలిసిన పేరు ఏఆర్ఏఐ. 1966లో ఏర్పాటైన ఈ ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా పుణెలో ఉంది. హరియాణాలోని మానేసర్‌లో ఐకాట్ ఉంది. ఏ సంస్థ పరీక్షించినా వాడుకలో మాత్రం 'ఏఆర్ఏఐ మైలేజీ' అనే మాటే స్థిరపడిపోయింది.

పరీక్ష రోడ్డు మీద జరగదు. గదిలో నేలకు అమర్చిన పెద్ద రోలర్ల మీద కారు చక్రాలు నిలబెడతారు. చక్రాలు తిరుగుతాయి, కారు కదలదు. నిజమైన రోడ్డు మీద ఎదురయ్యే గాలి ఒత్తిడికీ టైర్ల రాపిడికీ సమానమైన భారాన్ని రోలర్లు కలగజేస్తాయి. డ్రైవరు ఎదురుగా ఒక తెర ఉంటుంది. ఏ సెకనులో ఎంత వేగంతో వెళ్లాలో అందులో గీత కనిపిస్తుంది. దాన్ని తప్పకుండా అనుసరించడమే అతని పని.

ఆ గీతకే మోడిఫైడ్ ఇండియన్ డ్రైవింగ్ సైకిల్, అంటే ఎంఐడీసీ అని పేరు. ఐరోపాలో ఒకప్పుడు వాడిన ఎన్ఈడీసీ అనే పద్ధతిని మన దేశానికి తగ్గట్టు కొద్దిగా మార్చి దీన్ని తయారుచేశారు. మొత్తం 1,180 సెకన్లు, అంటే 20 నిమిషాల లోపు. ప్రయాణించే దూరం 11 కిలోమీటర్లకు కాస్త తక్కువ. మొదటి భాగం నగర ప్రయాణానికి నమూనా. 195 సెకన్ల ఒకే వరస నాలుగుసార్లు తిరుగుతుంది, గరిష్ఠ వేగం 50. రెండో భాగం 400 సెకన్లు, అందులో గరిష్ఠ వేగం 90. ఐరోపా పద్ధతిలో ఇది 120 ఉండేది, మన దగ్గర తగ్గించారు.

ఇందులో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే వివరం ఒకటుంది. ఈ పరీక్షలో సున్నా నుంచి 50 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి కారు తీసుకునే సమయం 26 సెకన్లు. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడ్డాక అంత తాపీగా బయల్దేరితే వెనకున్న ఆటోవాలా ఊరుకుంటాడా?

పరీక్ష జరుగుతున్నంతసేపూ ఏసీ ఆపే ఉంటుంది. గది ఉష్ణోగ్రత 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. గాలివాన లేదు, ఫ్లైఓవర్ ఎత్తు లేదు, స్పీడు బ్రేకరు లేదు, వెనక సీట్లో అత్తామామలు లేరు, డిక్కీలో బియ్యం బస్తా లేదు.

ఖర్చయిన పెట్రోలును కూడా ట్యాంకు కొలిచి తేల్చరు. పొగగొట్టం నుంచి వచ్చే వాయువులన్నీ సేకరించి, వాటిలో కార్బన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు ఎంత ఉన్నాయో చూస్తారు. బయటికి వచ్చిన కార్బన్ అంతా లోపల మండిన ఇంధనం నుంచి వచ్చిందే కాబట్టి, దాన్నిబట్టి ఎంత ఇంధనం మండిందో లెక్కిస్తారు. ఈ పద్ధతిలో లోపమేమీ లేదు, చాలా కచ్చితమైనది. ఆ 20 నిమిషాల ప్రయాణం మన ప్రయాణంలా లేకపోవడమే అసలు సమస్య.

అయితే ఇలాంటి పరీక్ష ఎందుకు? పోల్చడానికి. రెండు వేర్వేరు కంపెనీల కార్లను ఒకే గదిలో, ఒకే గీత మీద, ఒకే ఉష్ణోగ్రతలో నడిపితేనే ఏది తక్కువ తాగుతుందో చెప్పగలం. 25 ఇస్తుందని రాసిన కారు, 18 ఇస్తుందని రాసిన కారు కంటే రోడ్డు మీద కూడా దాదాపు ఎప్పుడూ మెరుగే. తులనకు పుట్టిన అంకెను ప్రకటనల్లో హామీలా చూపించడంతోనే చిక్కంతా వచ్చింది.

ఆగి ఉన్న కారు కూడా తాగుతుంది

కదలని కారు మైలేజీ ఎంత? సున్నా. ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. చిన్న పెట్రోలు కారు ఊరికే ఆన్‌లో ఉంటే గంటకు అర లీటరు నుంచి లీటరు వరకూ మండిస్తుంది. ఏసీ వేస్తే ఆ పరిధిలో పై అంచుకు చేరుతుంది, ఒక్కోసారి దాటుతుంది.

ఒక లెక్క చూద్దాం. కదులుతున్నప్పుడు లీటరుకు 18 ఇచ్చే కారు 20 కిలోమీటర్ల దూరంలోని ఆఫీసుకు వెళ్తోంది. కదలడానికి అయ్యేది 1.11 లీటర్లు. దారిలో సిగ్నళ్లు, మెట్రో పిల్లర్ల కింద జామ్, యూటర్న్ దగ్గర వరస, అన్నీ కలిపి అరగంట ఆగిందనుకుందాం. గంటకు 0.8 లీటర్ల చొప్పున మరో 0.4 లీటర్లు ఖర్చు. మొత్తం 1.51 లీటర్లు, మైలేజీ 13.2. కారులో ఏ లోపం లేదు, డ్రైవరులో కూడా లేదు. 18 కాస్తా 13 అయింది.

పరీక్షలో కూడా ఆగే సమయం ఉంటుంది, అది మొత్తంలో నాలుగో వంతుకు దగ్గరగానే ఉంటుంది. కానీ అది 20 నిమిషాల్లో నాలుగో వంతు, ఏసీ లేకుండా. సాయంత్రం ఆరున్నరకు హైటెక్ సిటీ నుంచి బయల్దేరే కారు పరిస్థితి వేరే చెప్పనక్కర్లేదు.

ఏసీ సంగతి ఇంకాస్త వివరంగా చూడాలి. నగరంలో నెమ్మదిగా నడిచే చిన్న కారుకు ముందుకు కదలడానికి సగటున కావలసిన శక్తి నాలుగైదు కిలోవాట్లకు మించదు. మే నెలలో ఏసీ కంప్రెసరు ఒక్కటే ఒకటి రెండు కిలోవాట్లు లాగేస్తుంది. అదే కారు జాతీయ రహదారి మీద 90లో పోతున్నప్పుడు అంతకు ఎన్నో రెట్ల శక్తి వాడుతుంది కాబట్టి ఏసీ వాటా చిన్నదిగా కనిపిస్తుంది. అంటే ఏసీ మైలేజీని ఎక్కువగా దెబ్బతీసేది ఊళ్లోనే. బాగా ఎండగా ఉన్నప్పుడు, ముఖ్యంగా చిన్న చిన్న దూరాలకు, ఏసీ వల్ల మైలేజీ 25 శాతానికి మించి కూడా పడిపోవచ్చని అమెరికా ఇంధన శాఖ వినియోగదారులకు చెబుతోంది. ఎండలో రెండు గంటలు నిలబెట్టిన కారును పది నిమిషాల ప్రయాణం కోసం చల్లబరిస్తే జరిగేది ఇదే. ఎక్కగానే అద్దాలు దించి ఒక నిమిషం వేడిగాలి బయటికి పోనిచ్చి, తర్వాత ఏసీ వేస్తే కొంత నయం.

రింగు రోడ్డు ఎక్కితే పెరగాలి కదా?

ట్రాఫిక్ లేదు, సిగ్నల్ లేదు. మైలేజీ బాగా రావాలి. వస్తుంది కూడా, ఒక వేగం వరకూ.

గాలి నిరోధం వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 80 దగ్గర ఉన్న గాలి నిరోధం 120 దగ్గర రెండుంబావు రెట్లు అవుతుంది. ఇద్దరు మనుషులతో కలిపి 1,150 కిలోల బరువుండే సాధారణ హ్యాచ్‌బ్యాక్‌కు టైర్ల రాపిడి, గాలి నిరోధం రెండూ కలిపి లెక్కవేస్తే, ఒక కిలోమీటరు ముందుకు పోవడానికి కావలసిన శక్తి 80తో పోలిస్తే 100 దగ్గర సుమారు మూడో వంతు, 120 దగ్గర సుమారు మూడు పావులు ఎక్కువ. ఎక్కువ భారం మీద ఇంజిన్ కొంత సమర్థంగా పనిచేస్తుంది కాబట్టి పెట్రోలు ఖర్చు సరిగ్గా ఇదే నిష్పత్తిలో పెరగదు. పెరుగుదల మాత్రం స్పష్టంగా తెలుస్తుంది.

158 కిలోమీటర్ల హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద మొదటి రెండు లేన్లలో గరిష్ఠ వేగ పరిమితిని 2023లో 100 నుంచి 120కి పెంచారు. పరీక్ష గదిలో కారు 90 దాటదని పైన చెప్పుకున్నాం. అంటే రింగు రోడ్డు మీద చట్టబద్ధంగా, ఏ చలానా పడకుండా వెళ్లే కారు కూడా పరీక్షలో ఎన్నడూ చూడని వేగంలో ఉంది. ఆ వేగంలో ఎంత తాగుతుందో ఏఆర్ఏఐ అంకె చెప్పలేదు. విజయవాడ హైవే మీద 80లో వెళ్లినవారికీ 110లో వెళ్లినవారికీ ఒకే కారులో వేర్వేరు మైలేజీ రావడానికి కారణం ఇదే. పొడవుగా, నిటారుగా ఉండే ఎస్‌యూవీల్లో ఈ నష్టం ఇంకా ఎక్కువ. కారు పైన క్యారియర్ బిగించి దాని మీద సామాన్లు కడితే హైవే మీద 6 నుంచి 17 శాతం వరకూ పోతుందని అమెరికా ప్రభుత్వ అంచనా.

ట్యాంకులో ఏముంది?

గత రెండు మూడేళ్లలో మైలేజీ చర్చ రాజకీయ చర్చగా కూడా మారడానికి కారణం ఈ20. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని కేంద్రం 2030 నుంచి 2025-26కు ముందుకు జరిపింది. 2022 జూన్‌లో 10 శాతం పూర్తయింది. 2023 ఫిబ్రవరిలో ఈ20 అమ్మకాలు మొదలై, తర్వాత దేశమంతటా విస్తరించాయి.

మామూలు పెట్రోలు లీటరులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. ఇథనాల్‌లో 21 చిల్లర. అంటే మూడో వంతు తక్కువ. ఈ లెక్కన ఏమీ కలపని పెట్రోలుతో పోలిస్తే ఈ20 లీటరులో శక్తి 6.7 శాతం, ఈ10తో పోలిస్తే 3.5 శాతం తక్కువ. ఈ10తో 15 ఇస్తున్న కారు కేవలం ఈ కారణంగా 14.5కు దిగుతుంది. ఇథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ. దాన్ని ఉపయోగించుకునేలా తయారైన ఇంజిన్ కొంత నష్టాన్ని పూడ్చుకోగలదు. పాత ఇంజిన్‌కు ఆ వెసులుబాటు ఉండదు.

నీతి ఆయోగ్ 2021 జూన్‌లో విడుదల చేసిన ఇథనాల్ మార్గసూచి కూడా దాదాపు ఇదే చెప్పింది. ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొందించి, ఈ10కు సర్దుబాటు చేసిన కార్లలో 6-7 శాతం, ఈ10కు రూపొందించి ఈ20కి సర్దుబాటు చేసిన కార్లలో 1-2 శాతం నష్టం ఉండొచ్చని పేర్కొంది. సోషల్ మీడియాలో 'సగానికి పడిపోయింది' అంటూ తిరిగే కథనాలకు ఈ భౌతికశాస్త్రంలో ఆధారం లేదు. నిజంగా 30 శాతం పడిపోతే కారులో ఇంకేదో ఉంది, మెకానిక్‌కు చూపించాల్సిందే. అలాగని 'తేడా ఏమీ ఉండదు' అన్న మాట కూడా నిజం కాదు.

అసలు అన్యాయం ఎక్కడంటే ధర దగ్గర. శక్తి తగ్గిన మేరకు ఇలాంటి ఇంధనం ధర మామూలు పెట్రోలు కంటే తక్కువ ఉండాలని అదే నీతి ఆయోగ్ పత్రం సూచించింది. బంకులో ఆ తగ్గింపు రాలేదు. ఇథనాల్ సేకరణ ధరే పెరిగిపోయిందని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ వివరణ ఇచ్చింది. ఇథనాల్ కలపని పెట్రోలును కూడా ఎంచుకునే వీలు ఉండాలంటూ దాఖలైన ప్రజాహిత వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న కొట్టేసింది. కాబట్టి 2015 మోడల్ కారున్నవారికి ఈ కొద్ది శాతాల నష్టం సొంత జేబు నుంచే.

ఇంధనాల మధ్య పోలికలో ఇంకో పొరపాటు తరచూ కనిపిస్తుంది. సీఎన్జీ కారు 33 ఇస్తుందంటే అది కిలోకు, లీటరుకు కాదు. కిలో సీఎన్జీలో ఉండే శక్తి దాదాపు లీటరున్నర పెట్రోలుకు సమానం. శక్తిపరంగా చూస్తే ఆ 33, పెట్రోలులో 22 లాంటిది. సీఎన్జీలో ఆదా ధర వల్ల వస్తుంది, ఇంజిన్ మహిమ వల్ల కాదు. డీజిల్ లీటరులో కూడా పెట్రోలు కంటే పదో వంతుకు పైగా శక్తి ఎక్కువే ఉంటుంది. ఇక అమెరికాలో ఉన్న బంధువు "మా కారు 30 ఇస్తుంది" అన్నాడంటే అది గ్యాలనుకు మైళ్లు. మన లెక్కలో లీటరుకు 12.75 కిలోమీటర్లు. అసూయపడక్కర్లేదు.

సగటు లెక్కలో తిరకాసు

ఊళ్లో 10, హైవే మీద 20 ఇచ్చే కారు సగటున 15 ఇస్తుందా? ఇవ్వదు. 100 కిలోమీటర్లు ఊళ్లో తిరిగితే 10 లీటర్లు, 100 కిలోమీటర్లు హైవే మీద వెళ్తే 5 లీటర్లు. మొత్తం 200 కిలోమీటర్లకు 15 లీటర్లు. సగటు 13.3. 'లీటరుకు కిలోమీటర్లు' అనే కొలతను మామూలుగా కూడి రెండుతో భాగిస్తే ఎప్పుడూ ఎక్కువే వస్తుంది.

అదే కొలత ఇంకో మోసం కూడా చేస్తుంది. 8 ఇచ్చే పెద్ద వాహనాన్ని మార్చి 10 ఇచ్చేది కొనడం, 20 ఇచ్చే చిన్న కారును మార్చి 25 ఇచ్చేది కొనడం. దేనివల్ల ఎక్కువ ఆదా? చూడగానే రెండోదే అనిపిస్తుంది. కానీ ప్రతి 100 కిలోమీటర్లకు మొదటి మార్పు రెండున్నర లీటర్లు మిగిలిస్తుంది, రెండోది ఒక లీటరే. మనుషులు ఈ లెక్కలో ఎలా పొరబడతారో రిచర్డ్ లారిక్, జాక్ సోల్ అనే ఇద్దరు పరిశోధకులు 2008లో 'సైన్స్' పత్రికలో చూపించారు. ఐరోపా దేశాలు '100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు' అని చెప్పే పద్ధతి వాడతాయి. ఇంటి ఖర్చు లెక్క వేసుకునేవారికి అదే నయం. ఇంట్లో రెండు కార్లుంటే ముందుగా మార్చాల్సింది ఎక్కువ తాగేదాన్నే.

మీ కారు అసలు ఎంతిస్తోంది?

డ్యాష్‌బోర్డు తెర మీద కనిపించే అంకెను పూర్తిగా నమ్మకండి. ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయో చూసి కంప్యూటరు వేసే అంచనా అది. చాలా కార్లలో ఇది అసలు కంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది. ట్రాఫిక్‌లో ఏ అలవాటు వల్ల మైలేజీ పడిపోతోందో గమనించడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్ పద్ధతే ఇప్పటికీ మేలు. గన్ దానంతటదే ఆగేవరకూ కొట్టించి, ట్రిప్ మీటరు సున్నా చేయాలి. తర్వాతిసారి కూడా అలాగే, వీలైతే అదే బంకులో అదే పంపు దగ్గర, గన్ ఆగేవరకూ కొట్టించి, తిరిగిన దూరాన్ని ఈసారి పట్టిన లీటర్లతో భాగించాలి. రౌండ్ ఫిగరు కోసం మరో యాభై రూపాయలది పోయించుకుంటే లెక్క చెడుతుంది.

ఒక్కసారి చేసి తేల్చేయకూడదు. ట్యాంకు నిండిన స్థాయిలో ఒక లీటరు తేడా వచ్చిందనుకోండి. పది లీటర్ల మీద కొలిస్తే అది పది శాతం తప్పు. మూడు ట్యాంకులు కలిపి 86 లీటర్లకు 1,240 కిలోమీటర్లు తిరిగారంటే, అప్పుడు అదే ఒక లీటరు తేడా ఒకటిన్నర శాతం లోపే. 14.4 అన్న జవాబును నమ్మొచ్చు. కంపెనీ ఇచ్చినదానికంటే పెద్ద టైర్లు వేయించి ఉంటే ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. చక్రం ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, ఓడోమీటరుకు ఆ విషయం తెలియదు. తిరిగిన దూరం తక్కువగా నమోదై, మైలేజీ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది.

బంకు మీదే అనుమానం ఉంటే? ప్రతి బంకులో తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల కొలపాత్ర ఉండాలి. వినియోగదారుడు అడిగితే దానిలో కొట్టి చూపించాలి. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల తేడా వరకే అనుమతి ఉంది. అడగడానికి మొహమాటపడాల్సిన పనిలేదు.

ఏది పనిచేస్తుంది, ఏది పనిచేయదు

అన్నిటికంటే ఎక్కువ ప్రభావం కుడికాలిదే. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కడం, వెంటనే బ్రేకు వేయడం వల్ల హైవే మీద 15-30 శాతం, ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో 10-40 శాతం నష్టం ఉంటుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. ముందున్న సిగ్నల్ ఎర్రగా కనిపిస్తున్నప్పుడు వేగం పెంచి దాని దగ్గర ఆగడం వల్ల వచ్చే లాభం ఏమీ లేదు, ఆ వేగానికి ఖర్చయిన పెట్రోలంతా బ్రేకు వేడిగా పోతుంది.

టైర్లలో గాలి తగ్గితే మైలేజీ తగ్గుతుంది. అయితే ప్రచారంలో ఉన్నంత కాదు. అన్ని టైర్లలో సగటున ఒక పీఎస్ఐ తగ్గితే 0.2 శాతం. ఐదు తగ్గితే ఒక శాతం. గాలి చూసుకోవాల్సింది భద్రత కోసం, టైరు మన్నిక కోసం కూడా. ఎయిర్ ఫిల్టర్ మారిస్తే మైలేజీ పెరుగుతుందన్న మాట కార్బురేటర్ కాలం నాటిది. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్రోలు కార్లలో మురికి ఫిల్టర్ పికప్‌ను తగ్గిస్తుందే తప్ప మైలేజీని పెద్దగా మార్చదని అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల పరీక్షల్లో తేలింది.

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు న్యూట్రల్ వేయడం మరో పాత అలవాటు. దయచేసి మానేయండి. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే, ఇప్పటి ఇంజిన్లు పెట్రోలు సరఫరాను పూర్తిగా ఆపేస్తాయి. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు మండుతూనే ఉంటుంది. పైగా ఇంజిన్ బ్రేకింగ్ పోయి, భారమంతా బ్రేకుల మీద పడుతుంది.

రోజూ ట్రాఫిక్‌లోనే తిరిగేవారికి స్ట్రాంగ్ హైబ్రిడ్లు నిజంగానే తేడా చూపిస్తాయి. గ్రాండ్ విటారా, హైరైడర్ లాంటివి ఆగినప్పుడు ఇంజిన్ ఆపేసి, బ్రేకు వేసినప్పుడు పోయే శక్తిని బ్యాటరీలోకి తిప్పుకుంటాయి. మామూలు కారు ఎక్కడ ఎక్కువ నష్టపోతుందో అక్కడే ఇవి మిగిలిస్తాయి. ఒకే వేగంతో హైవే మీద వెళ్లేవారికి ఆ లాభం తగ్గుతుంది. అదనంగా పెట్టే లక్షలు వెనక్కి వస్తాయా లేదా అన్నది మీరు ఎక్కడ తిరుగుతారన్న దాన్నిబట్టి ఉంటుంది.

ఐరోపా నేర్చుకున్న పాఠం

ఈ తేడాను దశాబ్దాలుగా కొలుస్తున్న ప్రాంతం ఐరోపా. డ్రైవర్లు స్వయంగా నమోదు చేసిన లక్షలాది లెక్కలను ఐసీసీటీ అనే పరిశోధన సంస్థ పరీక్ష అంకెలతో పోల్చింది. 2001లో రోడ్డు మీద ఖర్చు పరీక్ష కంటే 9 శాతం ఎక్కువ ఉంటే, 2015 నాటికి అది 42 శాతానికి చేరింది. కార్లు చెడిపోలేదు. కాగితం మీద కాలుష్యం తగ్గించాలని నిబంధనలు బిగుసుకునేకొద్దీ, కంపెనీలు పరీక్షలో నెగ్గడం నేర్చుకున్నాయి. ఆ పరీక్ష ఎన్ఈడీసీ, అంటే మన ఎంఐడీసీకి మాతృక.

2017 నుంచి ఐరోపా డబ్ల్యూఎల్‌టీపీ అనే కొత్త పద్ధతికి మారింది. అరగంట పరీక్ష, 23 కిలోమీటర్ల దూరం, 131 వరకూ వేగం. తర్వాత ఇంకో అడుగు ముందుకేసి, 2021 నుంచి కొత్త కార్లలో ఎంత ఇంధనం ఖర్చవుతోందో నమోదు చేసే వ్యవస్థను తప్పనిసరి చేసింది. ఆ సమాచారంతో యూరోపియన్ కమిషన్ 2024 మార్చిలో నివేదిక ఇచ్చింది. కొత్త పద్ధతిలో కూడా పెట్రోలు కార్లు 23.7 శాతం, డీజిల్ కార్లు 18.1 శాతం ఎక్కువే తాగుతున్నాయని తేలింది. మన భాషలో చెప్పాలంటే 20 ఇస్తుందని రాసిన పెట్రోలు కారు 16.2 ఇస్తోంది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ల వాస్తవ ఉద్గారాలైతే పరీక్షలో వచ్చినదానికి మూడున్నర రెట్లు. జనం వాటిని సరిగా ఛార్జింగ్ పెట్టడం లేదు.

అమెరికా వేరే దారి పట్టింది. 2008 మోడళ్ల నుంచి అక్కడ అధిక వేగం, ఏసీ, చలి పరిస్థితుల పరీక్షలను కూడా కలిపి స్టిక్కరు మీద అంకె వేస్తారు. ఆ అంకె రోడ్డుకు దగ్గరగా ఉంటుంది. తప్పు చెప్తే శిక్ష కూడా ఉంటుంది. 2012లో హ్యుందాయ్, కియా దాదాపు 9 లక్షల వాహనాల మైలేజీని తగ్గించి ప్రకటించాల్సి వచ్చింది, 2014లో 10 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకున్నాయి. 2016లో జపాన్‌లో మిత్సుబిషి తన చిన్న కార్ల పరీక్ష డేటాను తారుమారు చేసినట్టు అంగీకరించింది.

మన దగ్గర వినియోగదారుల కోర్టుల వరకూ వెళ్లినవారు కొద్దిమందే. 2004లో డిజైర్ కాదు, అప్పటి ప్రకటనలో 16-18 ఇస్తుందన్న మారుతీ కారు కొని 10 చిల్లరే వచ్చిందని ఫిర్యాదు చేసిన ఒక వినియోగదారుడికి లక్ష రూపాయల పరిహారం ఇవ్వాలన్న ఆదేశాన్ని జాతీయ వినియోగదారుల కమిషన్ 2024 జనవరిలో సమర్థించింది. కేసు తేలడానికి పట్టిన కాలం ఇరవై ఏళ్లు. 2022లో కేరళలోని త్రిస్సూర్ వినియోగదారుల కమిషన్, 32 ఇస్తుందని చెప్పిన ఫోర్డ్ కారు నిపుణుడి పరీక్షలో 20 లోపే ఇచ్చిందని తేల్చి, రూ.3.10 లక్షలు చెల్లించాలని ఆదేశించింది. ప్రకటనలో 'పరీక్ష పరిస్థితుల్లో' అన్న చిన్న అక్షరాలు కంపెనీలను ప్రతిసారీ కాపాడవు.

మన పరీక్ష మారుతుందా?

మైలేజీ అంకె మీద ఆధారపడి ఉన్నది కొనుగోలుదారు ఒక్కడే కాదు. కేఫ్ నిబంధనలు కూడా దీనిమీదే నిలబడ్డాయి. ఒక కంపెనీ ఏడాదిలో అమ్మే కార్లన్నిటి సగటు కార్బన్ డయాక్సైడ్ ఉద్గారం కిలోమీటరుకు 2017-18 నుంచి 130 గ్రాములు, 2022-23 నుంచి 113 గ్రాములు దాటకూడదన్నది స్థూలంగా ఆ నిబంధన. ఈ గ్రాములు కొలిచేది కూడా అదే గదిలో. ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకునే దేశంలో కాగితం మీది ఆదాకూ బంకు దగ్గరి ఆదాకూ మధ్య తేడా ఉంటే దాన్ని డాలర్లలో చెల్లించాల్సి వస్తుంది.

2027 ఏప్రిల్ నుంచి డబ్ల్యూఎల్‌టీపీకి మారాలని కేంద్ర రవాణా శాఖ ముసాయిదా ప్రతిపాదించింది. ఏసీ వేసి కూడా మైలేజీ పరీక్షించి ప్రకటించాలన్న ప్రతిపాదన కూడా ముందుకొచ్చింది. రెండూ అమలైతే బ్రోచర్‌లోని అంకెలు తగ్గుతాయి. అదే కారు, అదే ఇంజిన్, కానీ 25 స్థానంలో ఇంకా చిన్న అంకె కనిపిస్తుంది. దాన్ని చూసి కొత్త మోడల్ పాతదానికంటే నాసిరకమనుకోకూడదు.

ఎలక్ట్రిక్ కార్లలో ఈ మార్పు కొంత ముందే మొదలైంది. నెక్సాన్ ఈవీ 45 మోడల్‌కు పరీక్షలో వచ్చిన రేంజి 489 కిలోమీటర్లు. వాస్తవంలో 350 నుంచి 375 రావచ్చని టాటా తనే విడిగా చెబుతోంది. పెట్రోలు కారు మైలేజీ తగ్గితే డబ్బు పోతుంది, ఈవీ రేంజి తగ్గితే సూర్యాపేట దాటాక దారిలో ఆగిపోవాల్సి వస్తుంది. అందుకే ఈవీ కంపెనీలు నిజం చెప్పక తప్పలేదు. పెట్రోలు కార్ల కంపెనీలు కూడా ఇలా రెండో అంకె ఇవ్వడానికి అడ్డు ఏమీ లేదు.

ఇందుకు కొత్త పరికరాలు కూడా అక్కర్లేదు. బీఎస్6 రెండో దశలో భాగంగా 2023 ఏప్రిల్ నుంచి కార్లను నిజమైన రోడ్ల మీద నడిపి, పొగగొట్టానికి పరికరం బిగించి, కాలుష్యాన్ని కొలుస్తున్నారు. ఆ పరికరం కార్బన్ డయాక్సైడ్‌ను కూడా కొలుస్తుంది, అంటే అదే ప్రయాణంలో ఎంత ఇంధనం మండిందో దాన్నుంచి లెక్కగట్టొచ్చు. కొనుగోలుదారుడికి చూపించే అంకె మాత్రం ఇప్పటికీ రోలర్ల మీద నడిచిన ఆ 20 నిమిషాలదే.